నిన్న ఏం తిన్నవ్ అక్కా?

మా ఇంటి జొన్నపిండిలో వంద గ్రాములకు 16.2 గ్రాముల ప్రొటీన్ ఉందని రికార్డులో రాసి చూపించిన రోజు, మా మేడం కళ్లద్దాలు తీసి టేబుల్ మీద పెట్టి, "ఇది జొన్నేనా తల్లీ, మీ అమ్మ కందిపప్పు కలిపి గిర్నీ పట్టించిందా?" అని అడిగారు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను కానీ లోపల ఏడుపొచ్చింది. ఆ ఒక్క అంకె కోసం రెండు రోజులు ల్యాబ్‌లో యాసిడ్ పొగ పీల్చాను మరి.

న్యూట్రిషన్‌లో ఎమ్మెస్సీ చేయాలని నేనేమీ కలలు కనలేదు. నర్సంపేటలో డిగ్రీ బీజెడ్‌సీ చదివి, 2023లో పీజీ సీట్ల ఎంట్రన్స్ సీపీగెట్ రాశాను. బయోకెమిస్ట్రీ కావాలనుకున్నాను, ర్యాంకు ఒప్పుకోలేదు. వెబ్ ఆప్షన్లు పెడుతుంటే నెట్ సెంటర్ అన్న "ఇది గూడ పెట్టు చెల్లే, పోయేదేముంది" అన్నాడు. పెట్టాను. అదే వచ్చింది. హన్మకొండలో, ప్రభుత్వ యూనివర్సిటీ చదువు. కాలేజీ పేరు రాయడం లేదు, ఎందుకంటే ముందు ముందు మా ల్యాబ్ గురించి నాలుగు మాటలు అనబోతున్నాను.

సీటొచ్చిందని చెబితే మా చిన్నాయన "వంటల చదువా? దానికి హన్మకొండ దాక ఎందుకు, మీ అమ్మ నేర్పదా?" అన్నాడు. అప్పుడు నా దగ్గర జవాబు లేదు. రోజూ బస్సులో పోను గంటన్నర, రాను గంటన్నర. మొదట్లో పాస్ తీసుకున్నాను. ఆ డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయింది. ఆధార్ చూపిస్తే జీరో టికెట్ కొట్టిచ్చేవాళ్లు. సీటు దొరకడం మాత్రం అప్పటి నుంచే కష్టమైంది. సగం ఫిజియాలజీ నేను కడ్డీ పట్టుకుని నిలబడే చదివాను.

ఆ 16.2 దగ్గరికి వస్తాను. తిండిలో ప్రొటీన్ ఎంతుందో చూడటానికి జెల్డాల్ పద్ధతి అని ఒకటుంది. 1883లో డెన్మార్క్‌లో కార్ల్స్‌బర్గ్ బీరు కంపెనీ ల్యాబ్‌లో జెల్డాల్ అనే ఆయన కనిపెట్టింది. కాస్త పిండిని గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో వేసి, కాపర్ సల్ఫేట్, పొటాషియం సల్ఫేట్ కలిపి గంటల తరబడి మరిగించాలి. మొదట బొగ్గులా నల్లబడుతుంది, తర్వాత మెల్లగా విరిగి, చివరికి లేత ఆకుపచ్చ రంగులో తేటగా తేలుతుంది. అందులో సోడియం హైడ్రాక్సైడ్ పోసి డిస్టిల్ చేస్తే అమోనియా వెళ్లి బోరిక్ యాసిడ్‌లో చిక్కుతుంది. దాన్ని పలచటి హైడ్రోక్లోరిక్ యాసిడ్‌తో టైట్రేట్ చేసి, అంటే చుక్కచుక్కగా పోసి ఎంత యాసిడ్ పట్టిందో చూసి, వచ్చిన నైట్రోజన్‌ను 6.25తో గుణిస్తే ప్రొటీన్. ఈ 6.25 ఎక్కడిదంటే, ప్రొటీన్‌లో సుమారు 16 శాతం నైట్రోజన్ ఉంటుంది, వందను పదహారుతో భాగిస్తే వచ్చేది అదే. అంటే మనం ప్రొటీన్‌ను కొలవడం లేదు, నైట్రోజన్‌ను కొలిచి ప్రొటీన్ అనుకుంటున్నాం. పాలల్లో యూరియా కలిపితే ఈ పరీక్ష ఎందుకు మోసపోతుందో అప్పుడు అర్థమైంది.

మా ల్యాబ్‌లో డిస్టిలేషన్ సెట్ ఒక్కటే ఉండేది. పొగ లాగే ఫ్యాన్ ఎప్పుడో ఆగిపోయింది. కిటికీలు తెరిచి, చున్నీ ముక్కుకు కట్టుకుని చేసేవాళ్లం. ఎవరి వంతు ఎప్పుడని గోడ మీద కాగితం అంటించుకున్నాం. అంత చేస్తే జొన్న కాస్తా పప్పయింది.

తప్పెక్కడుందో మేడం చెప్పలేదు. "వెతుక్కో" అన్నారు అంతే. మూడో రోజు పట్టుకున్నాను. టైట్రేషన్‌కు వాడిన యాసిడ్ సీసా మీద బలం 0.1 నార్మల్ అని లేబుల్ ఉంది. దాన్ని నేను సరిచూసుకోకుండా నమ్మేశాను. ముందు బ్యాచ్ వాళ్లు దేనికోసమో పలచన చేసుకుని, పాత లేబుల్ అలాగే వదిలేశారు. సోడియం కార్బొనేట్‌తో చూస్తే అసలు బలం 0.062. మళ్లీ లెక్క వేస్తే ప్రొటీన్ పది చిల్లర వచ్చింది. జాతీయ పోషకాహార సంస్థ వాళ్ల పట్టికలో జొన్నకు ఉన్నదీ దాదాపు అంతే. ఆ రోజు బస్సులో సీటు దొరికింది కూడా.

ఆ పట్టిక గురించి కొంచెం చెప్పాలి. మాకు అది భగవద్గీత లాంటిది. హైదరాబాద్ తార్నాకలో ఉన్న ఆ సంస్థ 1918లో తమిళనాడు కూనూర్‌లో బెరిబెరి పరిశోధన కోసం చిన్నగా మొదలై, 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. ఆ సంస్థకు డైరెక్టర్‌గా చేసిన డాక్టర్ గోపాలన్ బృందం వేసిన పాత పోషక విలువల పుస్తకం మా సీనియర్ల దగ్గర అట్టలూడిపోయి ఉండేది. 2017లో వచ్చిన కొత్త పట్టికలో 528 ఆహార పదార్థాలున్నాయి. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూస్తే చాలా వాటిల్లో ఐరన్ అంకె తగ్గి కనిపిస్తుంది. సజ్జల్లో వందకు 8 మిల్లీగ్రాములు అని చదువుకున్నవాళ్లు 6.4తో సరిపెట్టుకోవాలి. సజ్జలు మారిపోయాయని కాదు, కొలిచే పద్ధతులు మెరుగయ్యాయి. నాకు లేబుల్ అనుభవం అప్పటికే అయింది కాబట్టి ఇదేమీ వింతగా అనిపించలేదు.

జొన్న దగ్గరే ఇంకో దెబ్బ తగిలింది. ఇప్పుడు హన్మకొండలో ఏ సందులో చూసినా సాయంత్రం జొన్నరొట్టెలు కాల్చి అమ్ముతున్నారు, షుగరున్నవాళ్లకు అమృతమని పేరు. నేనూ అదే ఊపులో ఉన్నాను. క్లాసులో పెల్లాగ్రా పాఠం వచ్చింది. నయాసిన్ అనే బి విటమిన్ చాలకపోతే వచ్చే జబ్బు. ఎండ తగిలే చోటల్లా చర్మం నల్లగా మాడి పొరలు లేస్తుంది, మెడ చుట్టూ హారం వేసినట్టు మచ్చ పడుతుంది, విరేచనాలు, ఆ తర్వాత మతి చలించడం. ప్రపంచంలో చాలాచోట్ల అది మక్కలు తినేవాళ్ల జబ్బు. మన దక్కన్‌లో మాత్రం జొన్న తప్ప ఇంకోటి దొరకని పేదల్లో కనిపించింది. జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువుండటం అందుకు కారణమని 1960లో ఆ గోపాలన్ గారే, తోటి శాస్త్రవేత్త శ్రీకాంతియాతో కలిసి రాశారు. అదొక్కటే కారణం కాదని తర్వాత వాదనలూ వచ్చాయి.

ఇంటికొచ్చి మా నాయనమ్మకు ఆ మెడ మచ్చ గురించి చెబితే, "ఓ గదా, మా చిన్నప్పుడు ఉండె. ఎండ పొడ అనేటోళ్లు" అంది, రొట్టె కొట్టడం ఆపకుండానే. పప్పు, పాలు, ఇంత కూర పక్కన ఉంటే జొన్నతో ఏ బాధా లేదు. జొన్న ఒక్కటే ఉన్న ఇళ్లలో వచ్చింది బాధ.

మరో చిన్న సంగతి. ఫాస్ఫరస్ కొలిచే ప్రాక్టికల్‌కు మాన్యువల్‌లో ఫిస్కే - సుబ్బారో పద్ధతి అని ఉంది. ట్యూబులో నీలం రంగు తేలుతుంది, ఎంత నీలమో అంత ఫాస్ఫరస్. సుబ్బారో అంటే ఎవరో తెల్లవాడని రెండు వారాలు అనుకున్నాం. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఆయన. 1925 నాటి పద్ధతి. ఆ తర్వాత అమెరికాలో లెడర్లీ కంపెనీలో ఆయన బృందమే ఫోలిక్ యాసిడ్‌ను తయారు చేసింది. గర్భిణులకు అంగన్‌వాడీలో, సబ్‌సెంటర్‌లో ఇచ్చే నెత్తురు గోళీలో 60 మిల్లీగ్రాముల ఐరన్‌తో పాటు ఉండే 500 మైక్రోగ్రాములు అదే.

ఆ గోళీలే చివరికి నా ప్రాజెక్ట్ అయ్యాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కలో తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత. అంతకుముందు సర్వే కంటే ఒక శాతం పెరిగిందే తప్ప తగ్గలేదు. "మీ ఊళ్ల వైపే చెయ్యి, భాష తెలుసు, బస్సు ఖర్చు లేదు" అన్నారు గైడ్ సార్. నాలుగో సెమిస్టర్, 2025 జనవరి. అరవై మంది ఆడవాళ్లు, ఒక్కొక్కరికి ఒక ఫారం, అందులో ముఖ్యమైనది 24 గంటల డైట్ రికాల్. అంటే నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి ఇవాళ లేచేదాకా నోట్లో ఏం పడిందో, ఎంత పడిందో గుర్తు చేయించి రాయడం. చూడటానికి ఎంత సులువు! క్లాసులో ఒకరినొకరం అడుక్కుని ప్రాక్టీస్ చేస్తే పది నిమిషాల్లో అయిపోయింది.

మొదటి రోజు పదకొండు గంటలకు ఊళ్లో దిగితే వీధిలో కుక్కలు, ముసలివాళ్లు తప్ప ఎవరూ లేరు. మిర్చి ఏరే కాలం. ఏడింటికే ఆటోల్లో పోయి, చీకటి పడ్డాక వస్తారు. ఆ సంగతి పల్లెటూరి దాన్నైన నాకు తట్టకపోవడం సిగ్గుచేటు. ఆ ఊళ్లో ఆశా వర్కర్‌గా చేసే అక్క నవ్వి, "రాత్రి ఏడైనంక రా, పొయ్యి కాడ దొరుకుతరు" అంది. అలా నా సర్వే అంతా పొయ్యి ముందు, టీవీ సీరియల్ శబ్దంలో జరిగింది. ఆఖరి బస్సు పోతే ఆశా అక్క ఇంట్లోనే పడుకునేదాన్ని.

"నిన్న పొద్దుగాల ఏం తిన్నవ్ అక్కా?"

"ఏం తింట, చాయ్ తాగిన."

"చాయ్‌తోని?"

"గంతే. రెండు బిస్కెట్లు."

"మరి చేనుకాడికి ఏం తీస్కపోయినవ్?"

"సద్ది. అన్నం, పచ్చిపులుసు."

ఇంతవరకు బాగానే ఉంటుంది. ఎంత అనేసరికి ఆగిపోతుంది. "ఎంతంటే, తిన్నంత." మా దగ్గర కొలత కప్పుల సెట్ ఉంది, తళతళలాడే స్టీలువి. అవి బయటికి తీయగానే చుట్టుపక్కల పిల్లలంతా చేరేవాళ్లు. ఒకామె మాత్రం "రెండు గంటెలు" అని ఠక్కున చెప్పింది. ఎంత బాగా చెప్పిందనుకుని, మా గంటె లెక్కన 240 గ్రాముల అన్నం అని రాశాను. ఎందుకో అనుమానం వచ్చి, "నీ గంటె ఏది అక్కా?" అన్నాను. తెచ్చింది. పెళ్లిళ్లలో వడ్డించేంత గంటె. ఆమెతోనే రెండు గంటెలు ప్లేట్లో పెట్టించి తూకం వేస్తే 415 గ్రాములు. రెండు వందల పైచిలుకు కిలో క్యాలరీలు ఒక్క పూటలోనే నా ఫారంలోంచి మాయమయ్యేవి. అప్పటికి పన్నెండు ఫారాలు అయిపోయాయి. ఆ పన్నెండు ఇళ్లకూ మళ్లీ పోయాను, ఈసారి గంటెలు చూడటానికి.

అంతకంటే గట్టి చిక్కు ఇంకో ఇంట్లో వచ్చింది. ఆమెకు ముప్పై ఏళ్లుంటాయేమో, ముగ్గురు పిల్లలు, కనురెప్ప కింద తెల్లగా పాలిపోయి ఉంది. రాత్రి అన్నం ఎంత తిన్నావంటే చెప్పలేకపోతోంది. ప్లేట్లో పెట్టి చూపించమన్నాను. ఆమె నా వైపు వింతగా చూసింది.

"ప్లేట్ల ఎందుకు పెట్టుకుంట? బగోనలనే కలుపుకొని తింట."

అందరూ తిన్నాక, కూర గిన్నె అడుగున ఉన్నది అన్నం బగోనలోకి ఊడ్చి, అందులోనే కలుపుకుని తినేస్తుంది. ఇంకో గిన్నె తోమే పనీ తప్పుతుంది. ఎక్కువ మిగిలితే ఎక్కువ, తక్కువ మిగిలితే తక్కువ. కూరలో ముక్కలు అప్పటికే అయిపోయి ఉంటాయి. ఈ తిండిని ఏ కప్పుతో కొలవాలి? మా అమ్మ కూడా అలాగే తింటుంది. ఇరవై రెండేళ్లుగా చూస్తూనే ఉన్నాను, అది ఫారంలో పట్టని సంగతి అని మాత్రం ఎప్పుడూ తోచలేదు. మర్నాడు రాత్రి ఆమె తినబోయే ముందు బగోన తూకం వేసి, తిన్నాక మళ్లీ వేశాను. "గిన్నెను జోకుతున్నవా, నన్ను జోకుతున్నవా?" అని నవ్వింది. సార్‌కు చెబితే, విధానం అనే అధ్యాయంలో దీన్ని ఒక పేరాగా రాయమన్నారు. మొత్తం ప్రాజెక్ట్‌లో నాకు నచ్చిన పేరా అదొక్కటే.

గోళీల సంగతి కూడా అలాగే. అడిగితే అందరూ వేసుకుంటున్నామనే అంటారు. "విరేచనం నల్లగ అయితుందా?" అని అడిగితే తెల్లమొహం వేసేవాళ్లు, అప్పుడు తెలిసేది. నిజంగా వేసుకునేవాళ్లు అది వాళ్లంతట వాళ్లే చెబుతారు, కడుపులో తిప్పుతుందని కూడా. వేసుకునేవాళ్లలో ఎక్కువమంది చాయ్ తాగాక వేసుకుంటారు. చాయ్‌లోని టానిన్లు ఐరన్‌ను పట్టేసి ఒంటికి అందనివ్వవు. గంటా రెండు గంటలు ఎడం పెట్టమని, అన్నంలో ఇంత నిమ్మకాయ పిండుకోమని, జామకాయ తినమని చెప్పేదాన్ని. జామ మాట నా సొంత అనుభవం. ల్యాబ్‌లో విటమిన్ సి చూసినప్పుడు నిమ్మరసం కంటే జామకాయకు నాలుగింతలు రంగుమందు పట్టింది. బెల్లం తింటే నెత్తురు పడుతుందని మాత్రం అందరికీ గట్టి నమ్మకం. మేడారంలో అమ్మవార్లకు బంగారమని ఎత్తిచ్చేది బెల్లమే కదా, ఆ జిల్లా పక్కన కూర్చుని బెల్లాన్ని ఏమైనా అనడానికి నాకు ధైర్యం చాల్లేదు. రోజుకు ఎంత తింటావని అడిగి, చిన్న ముక్కంటే, అంతటితో వదిలేసేదాన్ని.

ఒక అవ్వ రేషన్ బియ్యం చాటలో పోసి మెరికలు ఏరినట్టు ఏవో గింజలు ఏరుతోంది. కొంచెం వేరే రంగు, అన్నీ ఒకే పోతలో పోసినట్టు నున్నగా. "ప్లాస్టిక్ బియ్యం బిడ్డా. కలుపుతున్నరు." అవి ఫోర్టిఫైడ్ గింజలు. బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి, బియ్యం ఆకారంలో ఒత్తి, వంద కిలోలకు కిలో చొప్పున కలిపేవాళ్లు. చెబితే నమ్మలేదు. పది గింజలు గ్లాసు నీళ్లలో వేసి పెట్టి, మాటల్లో పడ్డాం. కాసేపయ్యాక వేళ్ల మధ్య నలిపితే పిండి ముద్దయింది. ఆమె కూడా నలిపి చూసుకుంది, వాసన చూసింది. "పిండే" అంది. ఇన్ని రోజులు ఏరినవి ఏం చేశావవ్వా అంటే, "కోళ్లకేసిన." ఆ ఊళ్లో రక్తహీనత లేనివి కోళ్లేనని ఫ్రెండ్స్‌కు చెప్పి చాలా రోజులు నవ్వుకున్నాం. కానీ నా ఫారంలో ఒక చిక్కు బయటపడింది. రేషన్ బియ్యం వస్తోందా అంటే అవునంటారు, దాన్ని తింటున్నారని నేను రాసేశాను. దొడ్డు బియ్యం అమ్ముకుని సన్నవి కొనుక్కునే ఇళ్లు ఎన్నో. ఆ ఉగాదికి రేషన్‌లోనే సన్నబియ్యం మొదలయ్యాయి. అప్పటికి నా సర్వే ముగిసింది.

ఆసుపత్రి ఇంటర్న్‌షిప్ గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. షుగరున్న ప్రతి ఒక్కరికీ ఒకటే ప్రింటెడ్ చార్టు, అందులో ఓట్స్, ఆలివ్ ఆయిల్, బ్రోకలీ. వెనక ఖాళీ వైపు నేను పెన్నుతో రెండు జొన్నరొట్టెలు, పెసర్లు, తోటకూర, సగం గంటె అన్నం అని రాసిచ్చేదాన్ని. గంటె సైజు అడిగాకే.

ఈ చదువుకు ఉద్యోగాలేంటని చాలామంది అడుగుతున్నారు. డైటీషియన్‌గా రిజిస్టర్ కావాలంటే ఆరు నెలల ఇంటర్న్‌షిప్ చేసి, ఇండియన్ డైటెటిక్ అసోసియేషన్ పరీక్ష రాయాలి. లెక్చరర్ కావాలంటే యూజీసీ నెట్ పరీక్ష ఉంది, కాకపోతే న్యూట్రిషన్‌కు విడిగా పేపర్ లేదు, హోమ్ సైన్స్ పేపర్ రాయాలి. అందులో బట్టల గురించి, ఇంటి నిర్వహణ గురించి కూడా చదవాలి. నేను ఇప్పుడు అదే చదువుతున్నాను. అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్‌లో సూపర్‌వైజర్ పోస్టుల నోటిఫికేషన్ కోసమూ చూస్తున్నాను. బయోకెమిస్ట్రీ రాలేదన్న బాధ ఎప్పుడు పోయిందో గుర్తు లేదు.

ప్రాజెక్ట్ సబ్మిట్ చేశాక ఇంట్లో నాలుగు ఖాళీ ఫారాలు మిగిలాయి. ఒకరోజు సాయంత్రం అమ్మను కూర్చోబెట్టి అడిగాను. ముందు రోజంతా నేను ఇంట్లోనే ఉన్నాను, ఆమె ఏం తిన్నదీ చూశాను. పొద్దున పాలు తాగానంది. మధ్యాహ్నం పప్పన్నం, ఆకుకూర. రాత్రి ఒక గుడ్డు.

"నిన్న మనింట్ల గుడ్డు ఏడిదమ్మా?"

"లేకుంటే లేదు, రాసుకో. మీ మేడం చూస్తది కదా."

గుడ్డు కొట్టేశాను. పాలు కొట్టేసి చాయ్ రాశాను. చక్కెర ఎన్ని చెంచాలేసుకున్నావని అడిగాను. లేచి వెళ్లి చక్కెర డబ్బాలోంచి చెంచా తెచ్చి నా ముందు పెట్టింది.